చెమట పట్టే మోటారు

బుచ్చిబాబు పడవ మోటారు కారుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. బుచ్చిబాబు ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు.

"కారడం కాదండీ, చెమట పడుతోంది. కొత్త చోటు కదా, అలవాటు పడాలి," అనేవాడు. ఆ మోటారు ఆ చోటుకి వచ్చి అప్పటికే రెండు వానాకాలాలు దాటాయి.

బుచ్చిబాబుకి ఉంగుటూరు వైపు కాలవ కింద వరిపొలం, పెదపాడుకి దిగువన కొల్లేటి అంచున ఒక చేపల చెరువు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల చెరువులున్న వాళ్ళంతా గెడలు వేసుకుంటూ పడవల్లో వెళ్ళి చేపలకి మేత వేసి వస్తారు. బుచ్చిబాబూ అలాగే వేసేవాడు. ఒకసారి కాకినాడలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, పడవ వెనక తగిలించే పాత మోటారు ఒకటి గోనెపట్టాలో చుట్టించుకుని ఆటోలో దిగాడు. అది సముద్రం చూసిన మోటారని వారం రోజులు అందరికీ చెప్పాడు. చెరువులో దించిన మొదటి రోజున ఆ చప్పుడికి చేపలు మేతకి రాలేదు. పైగా మోటారు అందుకునేలోపు చెరువు అయిపోయి అవతలి గట్టు వచ్చేసింది. అప్పటినుంచి దాన్ని కొల్లేట్లో తిరగడానికే వాడుతూ, మేతకి మళ్ళీ గెడే పట్టుకున్నాడు.

పెట్రోలు కార్బొరేటరు అడుగునుంచి కారేది. మొదట చుక్కలు చుక్కలుగా, తరవాత సన్నటి దారంలాగా. బుచ్చిబాబు దాని కింద ఒక స్టీలు గ్లాసు వేలాడగట్టాడు. గ్లాసు నిండితే తీసి ట్యాంకులో పోసేవాడు. ఇంట్లో కాఫీ గ్లాసు ఒకటి ఏమైందని భార్య చంద్రకళ అడగలేదు, పడవ దగ్గరికి వెళ్ళినప్పుడు చూసింది. తాడేపల్లిగూడెంలో మోపెడ్లు బాగుచేసే మెకానిక్కు దగ్గరికి తీసుకెళితే అతను దాని చుట్టూ ఒకసారి తిరిగి, పడవ కూడా తెస్తే చూస్తానన్నాడు. ఏలూరులో పంపుసెట్ల షాపు వాళ్ళు సముద్రం సరుకు తమకి పడదన్నారు. ఇక బుచ్చిబాబే సొంత వైద్యం మొదలుపెట్టి, ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ ఎంసీల్ ముద్ద మెత్తాడు. కార్బొరేటరు చెయ్యి విరిగి పిండికట్టు వేయించుకున్నట్టుండేది. ఆ కట్టు లోంచి కూడా చెమట పట్టేది.

అత్తవారి మీద అలక కూడా బుచ్చిబాబు ఇంచుమించు ఇలాగే నడుపుతున్నాడు. అందరికీ కనిపిస్తూనే ఉంది, తను మాత్రం అలాంటిదేమీ లేదనేవాడు. అత్తవారిది పాతలంక, కొల్లేటి లోపలి ఊరు. మామగారు లేరు. అత్తగారు సుబ్బాయమ్మ, బావమరిది వీరేంద్ర, అతని భార్య జ్యోత్స్న ఉంటారు. వీరేంద్ర పెళ్ళయ్యాక ఒక్క పండక్కి వెళ్ళొచ్చిన బుచ్చిబాబు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. చంద్రకళ పుట్టింటికి వెళ్తానంటే దగ్గరుండి ఆటో ఎక్కించేవాడు. తనకి పనుందనేవాడు. మూడేళ్ళుగా ఆ పని ఏమిటో ఎవరికీ తెలియలేదు.

అవతలివాళ్ళు తలా ఒకటి ఊహించుకున్నారు. పెళ్ళిలో పులుసులో ఉప్పు తక్కువైందని, అల్లుడుగారు నోటిమీదికి వచ్చింది దిగమింగుకుని వెళ్ళిపోయారని సుబ్బాయమ్మ అనుకుంది. పెట్టిన బట్టల రంగు నచ్చలేదని వీరేంద్ర అనుకున్నాడు. కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు. "ఆఁ, చూస్తానండీ," అన్న జవాబే ప్రతిసారీ వచ్చేసరికి అతనికీ మనసుకి కష్టం కలిగి మానేశాడు. చంద్రకళ మాత్రం ఏమీ ఊహించలేదు. మగవాళ్ళకి ఇలాంటివి వస్తాయి, పోతాయి అనుకుంది. ఇది పోవడం ఆలస్యమైంది.

ఆ ఏడు భాద్రపదంలో పైన కురిసిన వానలకి తమ్మిలేరు, బుడమేరు ఒకేసారి దిగాయి. కొల్లేరు నిండి, రోడ్లెక్కి, ఊళ్ళలోకి వచ్చింది. బుచ్చిబాబు చెరువు గట్టుకి గండిపడి చేపలన్నీ ఎటు పోవాలో అటు పోయాయి. అతను గట్టు మీద నిలబడి కాసేపు చూసి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. పాతలంక రోడ్డు మునిగిపోయి, నీళ్ళలోంచి కరెంటు స్తంభాలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తూ రోడ్డు ఎటు ఉండేదో చెబుతున్నాయి.

మర్నాడు పొద్దున్న చంద్రకళకి తమ్ముడి ఫోను వచ్చింది. కోళ్ళని అటక మీదికి ఎక్కించబోయి అమ్మ తడి నేలమీద జారిపడిందని, తుంటి దగ్గర విరిగినట్టుందని, కదిపితే కేకలు వేస్తోందని చెప్పాడు. గవర్నమెంటు బోట్లు దిగువ ఊళ్ళకి వెళ్ళాయి, వరసలో వస్తామన్నారట. ఊళ్ళో ఉన్నవి తాటిదోనెలు. తుంటి విరిగిన మనిషిని ఆ వరదలో దోనెలో పడుకోబెట్టి గెడ వెయ్యడం కుదిరే పని కాదు. బావగారి మోటారు గురించి అతను అడగలేదు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

చంద్రకళ వరండాలోకి వచ్చి విషయం చెప్పింది. బుచ్చిబాబు వెంటనే లేచాడు. చొక్కా వేసుకుంటూ, ఎంతైనా ముందే చెప్పడం మంచిదని, "మోటారుకి కాస్త చెమట..." అన్నాడు.

"ఏవండీ, అది కారుతోంది. నాకు తెలుసు, మీకూ తెలుసు. పదండి," అంది చంద్రకళ.

ఆ మాట ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారి. బుచ్చిబాబు రెండు పెట్రోలు డబ్బాలు, స్పానర్ల సంచి తీసుకున్నాడు. తను కూడా వస్తానని చంద్రకళ ఒక దుప్పటి, అమ్మకి మాత్రలు, ఫ్లాస్కు నిండా మరిగించిన నీళ్ళు పట్టుకుని పడవెక్కింది.

మొదట బాగానే వెళ్ళారు. బుచ్చిబాబు ఒక చేత్తో మోటారు తిప్పుతూ, రెండో చేత్తో గ్లాసు తీసి ట్యాంకులో పోస్తూ, స్తంభాల వరస పట్టుకుని పడవ నడిపాడు. కానీ ఆ రోజు లోడు ఎక్కువైందో, ఎదురు నీళ్ళు తోశాయో, గ్లాసు నిండడం ఎక్కువైంది. పోసి తగిలించేలోపే మళ్ళీ నిండిపోయేది. పడవంతా పెట్రోలు కంపు. సగం దారిలో మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. చొక్కా విప్పి లాగాడు. పడవ నెమ్మదిగా తిరిగి, గుర్రపుడెక్క మధ్యలోంచి జారుకుంటూ వెళ్ళి ఒక గట్టుకి ఆనుకుంది.

అది ఒక చేపల చెరువు గట్టు. ప్రభుత్వం లెక్కలో ఆ చెరువు లేదు, అక్రమమని ఎప్పుడో కొట్టేశారు. కొట్టేసిన చెరువుకి గట్టు ఎలా ఉందని ఎవరూ అడగరు. ఇప్పుడు చుట్టూ నీళ్ళు, దాని మీద ఒక పంపుషెడ్డు, షెడ్డు పక్కన నాలుగు మంచాలు పట్టేంత పొడి నేల. వాళ్ళు పడవని షెడ్డు స్తంభానికి కట్టి అక్కడ దిగారు. చంద్రకళ తమ్ముడికి ఫోను చేసింది.

వీరేంద్ర వీళ్ళకోసం ఊరి చివర నిలబడి చూస్తూనే ఉన్నాడు. గెడ వేసుకుంటూ దోనెలో వచ్చి గట్టెక్కాడు. ఒళ్ళంతా తడిసి ఉన్నాడు. బావగారికి నమస్కారం పెట్టి, అక్క వైపు తిరిగి ఏమైందని అడిగాడు. బుచ్చిబాబు ఆ నమస్కారం అందుకుని, భార్యతో, "వారి దగ్గర సన్న స్క్రూ డ్రైవరు ఉందేమో కనుక్కో," అన్నాడు.

బుచ్చిబాబు తనకన్నా చిన్నవాణ్ణి మీరు, వారు అన్నాడంటే తిట్టినదానికన్నా ఎక్కువ. వీరేంద్ర మొహం ముడుచుకున్నాడు. కానీ జేబులోంచి స్క్రూ డ్రైవరు తీశాడు. అక్కకిచ్చాడు. అక్క మొగుడికిచ్చింది.

పడవ మోటార్ల గురించి నిజానికి ఇద్దరికీ తెలియదు. వీరేంద్రకి తెలిసింది వాళ్ళ నాన్నగారి పాత స్కూటరు. అదీ ఇలాగే కారేది, ఆయన ప్రతి ఆదివారం దాన్ని విప్పేవారు, ఇతను పక్కన కూర్చుని స్క్రూలు పట్టుకునేవాడు. బుచ్చిబాబుకి తెలిసింది ఫోనులో చూసిన వీడియోలు. అవన్నీ మలయాళంలో ఉన్నాయి. మాటలు అర్థం కాలేదు గానీ చేతులు అర్థమయ్యాయి. ఈ రెండు చదువులూ కలిపి వాళ్ళు పని మొదలుపెట్టారు.

ముందు పెట్రోలు గొట్టం పీకి పక్కన పెట్టారు. తరవాత కార్బొరేటరు విప్పాలంటే బోల్టులు కనబడలేదు, పైన ఎంసీల్ ఉంది. వీరేంద్ర కత్తితో దాన్ని పొరలు పొరలుగా చెక్కాడు. కార్బొరేటరు విప్పడానికి పట్టిన సేపుకన్నా దాన్ని బయటపెట్టడానికే ఎక్కువసేపు పట్టింది. ఆ చెక్కుతున్నంతసేపూ అతను ఏమీ అనలేదు. అంటే బాగుండేదని బుచ్చిబాబుకి అనిపించింది. మధ్యలో వీరేంద్ర అలవాటుకొద్దీ జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. చంద్రకళ అతని చేతిలోంచి అది తీసుకుని కొల్లేట్లోకి విసిరి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

కార్బొరేటరు అడుగు గిన్నె స్క్రూల్లో మూడు వచ్చాయి. నాలుగోది రాలేదు.

"కొంచెం తట్టి తిప్పమను," అన్నాడు బుచ్చిబాబు భార్యతో.

"తడుతూనే ఉన్నానని చెప్పక్కా," అన్నాడు వీరేంద్ర.

చంద్రకళ ఎవరికీ ఏదీ చెప్పలేదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వింటూనే ఉన్నారు, చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. అలా తట్టగా తట్టగా స్క్రూ వదిలింది, గిన్నె ఊడింది.

గిన్నె అడుగున ఇంత ఇసుక. సముద్రం చూసిన మోటారన్నది అబద్ధం కాదు. లోపల ఇత్తడి ఫ్లోటు ఉంది. లోపల డొల్లగా, గట్టిగా నొక్కితే సొట్టపడేంత పలచగా ఉంది. వీరేంద్ర దాన్ని ఊడదీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, అక్కకిచ్చాడు. ఆమె ఆడించి మొగుడికిచ్చింది. బుచ్చిబాబు ఆడించాడు. కొబ్బరికాయలో నీళ్ళ చప్పుడు. అది పెట్రోలు.

స్కూటరు మీద నేర్చుకున్నది వీరేంద్ర అక్కకి చెప్పాడు, బావగారికి వినబడేలా. ఇది తేలాలి. పెట్రోలు నిండేకొద్దీ తేలుతూ పైకి వెళ్ళి సూదిని నొక్కాలి. సూది వెళ్ళి కన్నం మూస్తుంది, పెట్రోలు రావడం ఆగుతుంది. ఇప్పుడు దీని పొట్టలోకే పెట్రోలు వెళ్ళింది, మునిగి కూర్చుంది, సూది పైకి వెళ్ళడం లేదు.

"గాలానికి కట్టిన బెండు మునిగిపోయినట్టు," అంది చంద్రకళ.

"అంతే," అన్నారు ఇద్దరూ. ఒకేసారి అన్నందుకు ఇద్దరూ కాస్త ఇబ్బందిపడ్డారు.

కన్నం ఎక్కడుందో కనబడలేదు. ఎండకి పెట్టి చూశారు, నోటితో ఊది చూశారు. అప్పుడు బుచ్చిబాబుకి మలయాళం వీడియోలో ఒక లావుపాటాయన ఇలాంటిదాన్నే పొగలు కక్కే గ్లాసులో ముంచడం గుర్తొచ్చింది. ఆయన టీ తాగబోయి పొరపాటున పడేశాడేమో అనుకున్నాడు అప్పట్లో. చంద్రకళని ఫ్లాస్కు అడిగాడు. ఆమె స్టీలు గ్లాసు తుడిచి అందులో మరిగిన నీళ్ళు పోసింది. ఫ్లోటు అందులో ముంచగానే అతుకు దగ్గరనుంచి సన్నటి బుడగలు వరసగా పైకి వచ్చాయి. సూది మొన అంత కన్నం. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని ఆ బుడగలు చూశారు. బుడగలు ఆగేదాకా చూశారు. తీసి ఆడిస్తే చప్పుడు లేదు. లోపలిదంతా వేడికి ఆవిరై పోయింది.

బుచ్చిబాబు సంచిలోంచి ఎంసీల్ తీశాడు. ఇంతకాలం మూటలు మూటలుగా బయట మెత్తినవాడు ఈసారి జొన్నగింజంత చిదిపి, రెండు రంగులూ కలిసేదాకా వేళ్ళతో నలిపి, కన్నం మీద అద్దాడు. బరువెక్కితే తేలదని వీరేంద్ర అనబోయాడు గానీ, ఆ గింజని చూసి ఊరుకున్నాడు. సూదిని చంద్రకళ చీర చెంగుతో తుడిచింది. గిన్నె అంచున వేసే పలచటి వాషరు ఒకచోట చిరిగింది, దానికి చేతులు కడుక్కోవడానికి తెచ్చుకున్న సబ్బు రాశారు. ఇక ఎంసీల్ గట్టిపడాలి. దాన్ని షెడ్డు రేకు మీద ఎండలో పెట్టి కూర్చున్నారు.

చెయ్యడానికి పనేమీ లేదు. నీళ్ళ మీద ఎవరివో ప్లాస్టిక్ బిందెలు, ఒక కొబ్బరిమట్ట కొట్టుకుపోతున్నాయి.

"బావగారూ," అన్నాడు వీరేంద్ర. "ఇది గట్టిపడే దాకా ఖాళీయే కదా. ఒక్క మాట అడుగుతాను. మేం ఏం చేశాం?"

బుచ్చిబాబు భార్య వైపు చూశాడు. ఆమె నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది. జవాబు తనే చెప్పాల్సి వచ్చింది.

"ఏం చెయ్యలేదు."

"మరి?"

"ఫొటో తీసుకున్నారు."

ఏ ఫొటో అని వీరేంద్ర అడిగాడు. బుచ్చిబాబు చెప్పడం మొదలుపెట్టాడు. తాడేపల్లిగూడెం కల్యాణమండపంలో పెళ్ళి. తాళి కట్టడం అయింది. పాతలంకనుంచి వచ్చిన బస్సు సందులో ఇరుక్కుపోయి, వెనక కార్లన్నీ హారన్లు కొడుతుంటే, ఆడపడుచు మొగుడు కదా, తను వెళ్ళి బస్సు తిప్పించాడు. తిరిగొచ్చేసరికి కుటుంబం ఫొటో తియ్యడం అయిపోయి అందరూ విడిపోతున్నారు. బావగారు లేరే, మళ్ళీ తీద్దాం అని ఎవరైనా అంటారేమోనని అక్కడే నిలబడ్డాడు. ఎవరూ అనలేదు. తరవాత పండక్కి వెళితే ఆ ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టారు. అందులో అందరూ ఉన్నారు. సన్నాయి వాయించినాయన భుజం కూడా ఓ మూల పడింది.

చెబుతూ చెబుతూ బుచ్చిబాబు గొంతు తగ్గింది. మూడేళ్ళు లోపల ఉన్నప్పుడు అది హాల్లో గోడంత ఉండేది. వరద మధ్య, లేని చెరువు గట్టు మీద, బయటికి తీసేసరికి పాస్‌పోర్టు ఫొటో అంత అయింది. అయినా చెప్పడం మొదలెట్టాక మధ్యలో ఆపడం బాగుండదని భుజం దాకా చెప్పాడు.

వీరేంద్ర తప్పు ఫొటోగ్రాఫరు మీద పెట్టి ఉంటే సరిపోయేది. బుచ్చిబాబు దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుని ఉన్నాడు. ముహూర్తాల హడావిడి అన్నా, పెద్దవాళ్ళు తొందరపెట్టారన్నా, దేనికి ఏం చెప్పాలో ఈ మూడేళ్ళలో చెరువుగట్ల మీద నడుస్తూ అన్నీ అనుకుని పెట్టుకున్నాడు.

"నేను చూడలేదు బావగారూ," అన్నాడు వీరేంద్ర. "మీరు అందులో లేరని నాకు తెలియనే తెలియదు. రోజూ దాని కిందే కూర్చుని అన్నం తింటాను. ఇప్పుడు మీరు చెబితే తెలిసింది."

నిజానికి ఇది మొదటి అవమానంకన్నా పెద్దది. కానీ ఇందులో కపటం లేదు. దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియక, "బస్సు కూడా తెలియదా?" అన్నాడు.

"ఏ బస్సు?"

"నాకు తెలుసు," అంది చంద్రకళ, నీళ్ళ వైపే చూస్తూ. "చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. మంచినీళ్ళిచ్చాను. తాగారు. ఫొటో సంగతి నాకూ తట్టలేదు. ఆ మాట ఆ రాత్రి నాతో అనుంటే తెల్లారేలోపు ఇంకో ఫొటో తీయించేదాన్ని." ఇటు తిరిగింది. "మా అమ్మ అక్కడ మంచం మీద పడుంది. అది గట్టిపడిందేమో చూడండి."

బుచ్చిబాబు లేచి రేకు మీదనుంచి ఫ్లోటు తీసి గోటితో నొక్కాడు. రాయిలా ఉంది. కూర్చుని కార్బొరేటరు బిగించడం మొదలుపెట్టి, "ఆ పొడుగు స్క్రూ ఇటివ్వు," అన్నాడు. చంద్రకళ కదల్లేదు. ఆ మాట తనతో కాదు. వీరేంద్ర స్క్రూ ఇచ్చాడు. "పట్టుకో. ఇంకాస్త ఎత్తు. అక్కడ కాదయ్యా, ఇక్కడ." వీరేంద్ర ఎత్తాడు.

గొట్టం తగిలించి, దాని మధ్యనున్న రబ్బరు పంపు నొక్కారు. ముగ్గురూ వంగి కింద చూశారు. ఒక చుక్క ఊరింది. అది జారి పడింది. రెండోది రాలేదు. తాడు రెండుసార్లు లాగితే మోటారు అందుకుంది. దోనెని షెడ్డుకి కట్టేసి ముగ్గురూ పడవెక్కారు. ఖాళీ చేతిని ఏం చెయ్యాలో తెలియక బుచ్చిబాబు దారిపొడుగునా ఆ గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

పాతలంకలో పడవ వీరేంద్ర ఇంటి మెట్ల దాకా వెళ్ళింది. సుబ్బాయమ్మ హాల్లో నవారు మంచం మీద కదలకుండా పడుకుని ఉంది. మొహం పాలిపోయి ఉంది. మోటారు చప్పుడు విని, ఎవరొచ్చారని కోడల్ని అడిగింది. అన్నయ్యగారు వచ్చారని జ్యోత్స్న చెప్పింది. సుబ్బాయమ్మ చప్పున లేవబోయి, నొప్పికి పళ్ళు బిగపట్టి మళ్ళీ వాలిపోయింది.

"ఆకు వెయ్యి," అంది కోడలితో.

"అత్తయ్యగారూ, ముందు ఆసుపత్రికి," అన్నాడు బుచ్చిబాబు గుమ్మంలో నిలబడి.

"మూడేళ్ళకి వచ్చారు బాబూ. చెయ్యి తడపకుండా వెళ్ళిపోతారా. మీరు తినందే నేను పడవెక్కను."

తుంటి విరిగిన మనిషితో వాదించడం తేలికనుకున్నారు ముగ్గురూ. వీరేంద్ర చెప్పాడు, చంద్రకళ కోప్పడింది. సుబ్బాయమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పట్టు వాళ్ళకి కొత్త కాదు, టైము పోతోంది, పడవ దాకా మోసుకెళ్ళాల్సిన మనిషి తనే సహకరించకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. చంద్రకళ మొగుడి వైపు చూసి, "తినండి. తొందరగా తినండి," అంది.

బుచ్చిబాబు చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడమీద ఆ ఫొటో ఉంది. తల వంచుకుని తిన్నాడు. వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ, చేపల పులుసు. ఆ చేప పొద్దున్న పెరట్లోకే వచ్చిందని, తట్ట అడ్డం పెట్టి పట్టుకున్నానని వడ్డిస్తూ జ్యోత్స్న చెప్పింది. అది తన చెరువు చేపే అయ్యుండొచ్చని బుచ్చిబాబుకి తోచింది. పులుసు బాగుంది. చేతికి సబ్బు పెట్టినా పెట్రోలు వాసన పోలేదు, ముద్ద ముద్దకీ అది తెలుస్తోంది. అయినా రెండోసారి వేస్తే వద్దనలేదు. మంచం మీదనుంచి సుబ్బాయమ్మ, "ఉప్పు సరిపోయిందా బాబూ?" అని అడిగింది. సరిపోయిందన్నాడు. ఆమె మొహంలో కాస్త రంగు వచ్చింది. ఎందుకో బుచ్చిబాబుకి అర్థం కాలేదు.

తరవాత మంచంతో సహా ఎత్తారు. చంద్రకళ, జ్యోత్స్న తల వైపు, మగవాళ్ళిద్దరూ కాళ్ళ వైపు, పక్కింటివాళ్ళు ఒక చెయ్యి వేసి, మెట్ల మీదనుంచి పడవలోకి దించారు. మంచం కోళ్ళు పడవలో కుదురుగా నిలవకపోతే వాటి మధ్య దుప్పట్లు కుక్కారు. దారిలో పడవ ఊగినప్పుడల్లా ఆమె మూలిగింది. ఊగకుండా నడపడం బుచ్చిబాబు అంతకుముందు ఎప్పుడూ నేర్చుకోలేదు. ఆ రోజు నేర్చుకున్నాడు. వీరేంద్ర ముందు కూర్చుని గుర్రపుడెక్క గెడతో తప్పిస్తూ, ఎడమకి, కుడికి అని చెబుతుంటే బుచ్చిబాబు మారుమాట్లాడకుండా తిప్పాడు. మధ్యలో ఒకసారి మోటారు చప్పుడు మారింది. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి చూశారు. కిందంతా పొడిగానే ఉంది. నీళ్ళలో తిరిగే ఫ్యానుకి నాచు చుట్టుకుంది, అంతే.

వంతెన దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. ఏలూరు ఆసుపత్రిలో తుంటికి ఆపరేషను చేశారు. వార్డులో బుచ్చిబాబు మంచం దగ్గరికి రాగానే నర్సు వాసన చూసి, బాబాయిగారూ మీరు బయట నిలబడండి అంది. అతను బయట నిలబడ్డాడు. కాసేపటికి వీరేంద్రని కూడా పంపించింది.

మర్నాటినుంచి నీళ్ళు తీసేదాకా ఆ మోటారు ఊరికే ఉండలేదు. లంక ఊళ్ళకి బియ్యం, మందులు, పసిపిల్లలకి పాలడబ్బాలు అన్నీ అదే మోసింది. వీరేంద్ర ముందు, బుచ్చిబాబు వెనక. ఇద్దరికీ మాటలు బాగానే సాగాయి గానీ, కొత్త ఫ్లోటు కాకినాడనుంచి తెప్పించాలని ఒకరు, ఉన్నది నిక్షేపంలా ఉంటే ఎందుకని ఒకరు, రోజూ ఒకసారి గొంతులు పెంచుకునేవారు. ఆసుపత్రినుంచి వచ్చిన సుబ్బాయమ్మని మెట్లు లేని ఇల్లు కావాలని కూతురి దగ్గరికే తీసుకొచ్చారు. అల్లుడి ఇంట్లో ఉండడమేమిటని మొదటి రోజు ఏడ్చింది. రెండో వారానికి వాకర్ పట్టుకుని వరండాలోకి వచ్చి, గడ్డివాముని ఏ పక్కకి మార్చాలో చెప్పడం మొదలుపెట్టింది. బుచ్చిబాబు మార్చాడు.

మాఘంలో ఆమె ఇంటికి వెళ్తానంది. రోడ్డు బాగుపడింది, ఆటోలు తిరుగుతున్నాయి. కానీ వచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని వచ్చానని, ఆ మోటారు పడవ ఏమిటో చూడనే లేదని, అందులోనే దింపమంది. నీళ్ళు తీసేశాయి, పడవ అడుగు నేలకి ఆనుతుందని అందరూ చెప్పారు. వినలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. బయల్దేరిన కాసేపటికే ఫ్యాను బురదలో దిగింది. బుచ్చిబాబు పంచె ఎగగట్టి మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, మోటారు పైకెత్తి, రెక్కలకి చుట్టుకున్న గుర్రపుడెక్క పీకడం మొదలుపెట్టాడు. అవతల గూడబాతులు బారులు తీరి నిలబడి చూస్తున్నాయి. సుబ్బాయమ్మ గొడుగు వేసుకుని, అటువైపు ఇంకా కొంచెం ఉంది బాబూ, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి చూపిస్తోంది. అతను అటు పీకాడు.